పాత ఇంట్లో వేడి లెక్కలు: ఏ మార్పు ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది

పాత ఇంటికి కరెంటు ఖర్చు తగ్గించాలని బయలుదేరిన వాళ్లకు అన్నిటికంటే ముందు దొరికేవి సలహాలు. కిటికీలు బిగించేవాళ్లు తప్పంతా కిటికీలదే అంటారు. రంగులు అమ్మేవాళ్లు పైకప్పుకు తెల్ల పూత వేస్తే చాలంటారు. ఏసీ అమ్మేవాళ్లు పాత ఏసీ తీసేసి ఇన్వర్టర్ ఏసీ పెట్టుకోమంటారు. ఎవరో ఒకరు గోడలకు ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే పొర, వేయించమంటారు, ఇంకొకరు అది వేయించి గోడంతా బూజు పట్టించుకున్న కథ చెబుతారు. వీళ్లలో ఎవరూ అబద్ధం ఆడుతుండకపోవచ్చు. ప్రతి మాటా ఏదో ఒక ఇంటికి, ఏదో ఒక వాతావరణానికి నిజం. మన ఇంటికి అది నిజమా కాదా అని తేల్చుకోవడానికి కావలసిన లెక్కలు మాత్రం ఎవరూ విప్పి చెప్పరు. వాటిని విప్పడమే ఈ వ్యాసం పని.

ఇక్కడ పాత ఇల్లు అంటే వేడిని ఆపాలన్న ఉద్దేశం లేకుండా కట్టిన ఇల్లు. గోడలు, కప్పు వేడిని ఇంత మేరకు అడ్డుకోవాలనే నిబంధనలు చాలా దేశాల్లో గట్టిపడింది 1973 చమురు సంక్షోభం తర్వాతే. అంతకుముందు కట్టిన ఇళ్లలో గోడ బరువు మోయడానికి, కప్పు వాన ఆపడానికి. అంతే.

వేడి వచ్చే దారులు, పోయే దారులు

వేడి ఎప్పుడూ ఎక్కువ ఉష్ణోగ్రత ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పోతుంది. ఎండాకాలంలో బయటి నుంచి లోపలికి, చలికాలంలో లోపలి నుంచి బయటికి. అది పోవడానికి మూడు దారులు. గోడ, స్లాబు, గాజు లాంటి గట్టి పదార్థం గుండా పాకడం ఉష్ణవహనం. గాలి కదులుతూ వేడిని తనతో మోసుకుపోవడం సంవహనం. మధ్యలో ఏదీ తగలకుండా నేరుగా తాకడం వికిరణం. సాయంత్రం స్లాబు కింద పడుకున్నప్పుడు ఫ్యాను తిరుగుతున్నా పైనుంచి సెగ కొట్టడం వికిరణమే. గదిలో గాలి మామూలుగానే ఉన్నా కాగిన స్లాబు నేరుగా ఒంటిని వేడెక్కిస్తుంది.

ఒక్కో మరమ్మతు ఒక్కో దారిని మూస్తుంది. తెల్ల పూత ఎండ వికిరణాన్ని తిప్పికొడుతుంది, లోపలి నుంచి బయటికి వహనంలో పోయే వేడిని ఆపలేదు. తలుపు సందులకు పట్టీ అతికిస్తే గాలి ఆగుతుంది, గోడలోంచి వచ్చే వేడి ఆగదు. ఏ దారిలో ఎంత వేడి వస్తోందో తెలియకుండా చేసే ఖర్చు చీకట్లో రాయి వేయడమే.

యూ-విలువ, ఆర్-విలువ

వహనాన్ని కొలవడానికి వాడే అంకె యూ-విలువ. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గోడ గుండా ఎన్ని వాట్ల వేడి పోతుందో అది చెబుతుంది. ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. ఒంటి గాజు కిటికీకి ఇది 5.7 దాకా ఉంటుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు సుమారు 2. మధ్యలో ఆర్గాన్ వాయువు నింపి, వేడిని ఆపే పలుచని పూత వేసిన రెండు పొరల గాజుకు 1.2 నుంచి 1.4.

ఆర్-విలువ దీనికి తిరగేసిన అంకె, అంటే నిరోధం. ఇది ఎంత పెద్దదైతే అంత మంచిది. ఇక్కడ చాలామంది తికమకపడతారు. అమెరికా లెక్కలో ఆర్-విలువను అడుగుల్లో, ఫారెన్‌హీట్‌లో కడతారు, మిగతా ప్రపంచం మీటర్లలో, సెల్సియస్‌లో కడుతుంది. అమెరికా సరుకు మీద ఆర్-19 అని రాసి ఉంటే మెట్రిక్ లెక్కలో అది 3.3 మాత్రమే. రెండు కంపెనీల సరుకును పోల్చేటప్పుడు అంకె ఏ లెక్కలోదో చూడకపోతే అయిదారు రెట్ల తప్పు వస్తుంది.

పదార్థాల మధ్య తేడాలు మనం ఊహించే దానికంటే చాలా ఎక్కువ. ఒక చదరపు మీటరు వైశాల్యంలో, ఒక మీటరు మందం గుండా, ఒక డిగ్రీ తేడాకు, కదలని గాలి 0.025 వాట్లు పోనిస్తుంది. థర్మోకోల్, గ్లాస్ వూల్ 0.035 నుంచి 0.04. మెత్తటి కలప 0.13. ఇటుక సుమారు 0.7. కాంక్రీటు 1.5కి పైనే. ఈ వరస చూస్తే థర్మోకోల్ గొప్పతనం ఎక్కడిదో తెలుస్తుంది. దానిలో నిజంగా పనిచేసేది ప్లాస్టిక్ కాదు, బుడగల్లో ఇరుక్కుని కదలలేకపోతున్న గాలి. అదే ఇన్సులేషన్‌లోకి నీళ్లు దిగితే కథ మారిపోతుంది. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేడిని పోనిస్తుంది.

రెండడుగుల రాతిగోడ ఇన్సులేషన్‌తో సమానమా?

పాత ఇళ్ల వాళ్లు గర్వంగా చెప్పుకునే మాట ఇది: మా గోడలు రెండడుగుల మందం, మాకు ఇన్సులేషన్ ఎందుకు? లెక్క వేసి చూద్దాం. అరవై సెంటీమీటర్ల గట్టి రాయి, మీటరుకు 2 వాట్ల చొప్పున పోనిచ్చేది అనుకుంటే, మందాన్ని ఆ అంకెతో భాగిస్తే వచ్చే నిరోధం 0.3. ఒక్క సెంటీమీటరు థర్మోకోల్ నిరోధం కూడా దాదాపు అంతే.

అయినా ఆ ఇళ్లు ఎండలో చల్లగా ఉంటాయన్నది అందరికీ అనుభవం. ఆ అనుభవం తప్పు కాదు. రాయి వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. పగలు బయటి ముఖం మీద పడిన వేడి నెమ్మదిగా లోపలికి పాకుతూ పోయి అవతలి ముఖానికి చేరేసరికి పన్నెండు గంటలు దాటుతుంది. ఈలోపు రాత్రి వచ్చి బయటి ముఖం చల్లబడుతుంది. పగటి ఎక్కువ, రాత్రి తక్కువ గోడలోనే కలిసిపోయి లోపలి ముఖం రోజంతా సగటు ఉష్ణోగ్రత దగ్గర నిలుస్తుంది. తొమ్మిదంగుళాల ఇటుకకు ఈ ఆలస్యం ఏడెనిమిది గంటలు. ఆరంగుళాల కాంక్రీటు స్లాబుకు మూడున్నర గంటలే. మధ్యాహ్నం ఒంటిగంట ఎండ సాయంత్రం నాలుగున్నరకు, అయిదింటికి పడకగది పైకప్పులోంచి దిగడం అందుకే.

కాబట్టి మందపు గోడ రాత్రి చల్లబడే ప్రాంతంలో వరం. రాత్రి కూడా ఉక్కపోసే చోట సగటే ఎక్కువ కాబట్టి ఆ వరం అంతగా ఫలించదు. నెలల తరబడి చలి వదలని చోట అయితే లోపలి హీటరు వేడి బయటికి జారిపోతూనే ఉంటుంది.

ఇన్సులేషన్‌ను గోడకు లోపలి వైపు వేయాలా, బయటి వైపా అన్న వాదన కూడా ఇక్కడే పుడుతుంది. బయట వేస్తే గోడ బరువు గది వైపు మిగిలి, ఆ నిలకడ దక్కుతుంది. లోపల వేస్తే గోడ గదితో సంబంధం తెంచుకుంటుంది. ఏసీ వేసిన పది నిమిషాలకే గది చల్లబడుతుంది, ఆపేస్తే అంతే తొందరగా వేడెక్కుతుంది. రాత్రి మాత్రమే వాడే పడకగదికి ఇది లాభమే, రోజంతా మనుషులుండే గదికి కాకపోవచ్చు.

ఒక గది, ఒక స్లాబు, నాలుగు లెక్కలు

ఎండ ప్రాంతంలో ఒకే అంతస్తు ఇల్లయినా, మేడ పై అంతస్తయినా ముందు చూడాల్సింది కప్పు. మధ్యాహ్నం ఎండ నిటారుగా పడేది దాని మీదే.

నాలుగు మీటర్లు, అయిదు మీటర్లు కొలతల గది తీసుకుందాం. పైన ఇరవై చదరపు మీటర్ల, ఆరంగుళాల కాంక్రీటు స్లాబు. నల్లబడిన స్లాబు పైముఖం ఎండకు 60 డిగ్రీలకు చేరిందనీ, గదిని 28 డిగ్రీల దగ్గర ఉంచుతున్నామనీ అనుకుందాం. తేడా 32 డిగ్రీలు. స్లాబు నిరోధం, దాని కింద అంటిపెట్టుకుని ఉండే గాలి పొర నిరోధం కలిపితే 0.264. తేడాను నిరోధంతో భాగించి వైశాల్యంతో గుణిస్తే గదిలోకి దిగే వేడి సుమారు 2,420 వాట్లు. రెండు ఇస్త్రీపెట్టెలు ఆపకుండా నడిచినంత.

తెల్లటి ప్రతిఫలన పూత వేస్తే పైముఖం 42 డిగ్రీలకు తగ్గిందనుకుందాం. దిగే వేడి 1,060 వాట్లు. ఆదా 1,360.

పూత లేకుండా 50 మిల్లీమీటర్ల థర్మోకోల్ లాంటి ఇన్సులేషన్ ఒక్కటే వేస్తే దిగే వేడి 380 వాట్లు. ఆదా 2,040.

రెండూ చేస్తే? ఆదాలు కూడితే 3,400 వస్తుంది. కానీ మొత్తం దిగేదే 2,420. నిజంగా మిగిలే వేడి 165 వాట్లు, అసలు ఆదా 2,255. విడివిడిగా చూపించిన ఆదాలను కూడి మొత్తం ఇంత శాతం అని చెప్పే కాగితాల్లో తప్పు ఇక్కడే ఉంటుంది. మొదటి పని చేశాక రెండో పనికి మిగిలేది తక్కువ.

మందం విషయంలోనూ అంతే. మొదటి 50 మిల్లీమీటర్లు 2,420ని 380కి దించాయి. మరో 50 వేస్తే 205. ఇంకో 50 వేస్తే 140. ఖర్చు ప్రతిసారీ అంతే, ఫలితం ప్రతిసారీ తగ్గుతుంది. ఏ మందం దగ్గర ఆగాలన్నది ఎండ తీవ్రతను, ఏడాదిలో ఎన్ని నెలలు ఏసీ లేదా హీటరు నడుస్తుందన్న దాన్ని బట్టి మారుతుంది.

ఇవి ఎండ రోజంతా ఒకేలా ఉందనుకుని వేసిన లెక్కలు. స్లాబు చేసే ఆలస్యం వల్ల అసలు అంకెలు కొంత తగ్గుతాయి, వాటి మధ్య నిష్పత్తి మాత్రం దాదాపు ఇలాగే ఉంటుంది. తెల్ల పూత గురించి మరో రెండు సంగతులు. దుమ్ము, నాచు పట్టేకొద్దీ దాని శక్తి తగ్గుతుంది, అప్పుడప్పుడు కడగాలి, కొన్నేళ్లకు మళ్లీ వేయాలి. చలి ఎక్కువగా ఉండే ప్రాంతంలో అదే పూత చలికాలపు ఎండను కూడా తిప్పికొడుతుంది, హీటరు ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది.

కిటికీలు మార్చడం ఎవరికి లాభం?

రెండు పొరల గాజు కిటికీల గురించి చదివేదంతా చాలావరకు చలి దేశాల నుంచి వచ్చిందే. అక్కడ అది సరైన సలహా. ఒకటిన్నర చదరపు మీటర్ల కిటికీ, లోపల 20 డిగ్రీలు, బయట సున్నా. ఒంటి గాజు గుండా 171 వాట్లు పోతాయి. పూత వేసిన మంచి రెండు పొరల గాజు గుండా 42.

అదే కిటికీని ఎండలోకి తెద్దాం. బయట 38, లోపల 28. గాజు గుండా వహనంలో వచ్చేది 85 వాట్లు. అదే గాజు మీద చదరపు మీటరుకు 500 వాట్ల ఎండ పడుతుంటే లోపలికి నేరుగా చొరబడేది 640 వాట్లు. మామూలు పారదర్శకమైన రెండు పొరల గాజు పెడితే వహనం 42కి తగ్గుతుంది, ఎండ మాత్రం ఇంకా 560 వాట్లు వస్తుంది. ఏ గాజూ మార్చకుండా బయట సన్‌షేడ్‌తోనో, వెదురు తెరతోనో ఎండలో అయిదింట నాలుగు వంతులు ఆపగలిగితే వచ్చేది 130 వాట్లలోపే.

తెర బయట ఉండాలన్నది ముఖ్యం. లోపల వేసిన పరదా ఎండను గాజు దాటాక అందుకుంటుంది. అప్పటికే వేడి గదిలోకి వచ్చేసింది. పరదా వేడెక్కి ఆ వేడిని గదికే ఇస్తుంది. ఎండను వడకట్టే ప్రత్యేకమైన గాజులు కూడా ఉన్నాయి, అవి ఎండ ప్రాంతంలోనూ పనిచేస్తాయి. కొనేటప్పుడు చూడాల్సింది యూ-విలువ ఒక్కటే కాదు, ఎండలో ఎంత భాగాన్ని లోపలికి పోనిస్తుందన్న అంకె కూడా.

సందుల్లోంచి పోయే గాలి

ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి మూడోవంతు వాట్-గంట చాలు. చిన్న అంకెలా కనిపిస్తుంది. రెండు వందల ఘనపు మీటర్ల పాత ఇంట్లో తలుపు సందులు, కిటికీ చట్రాల పగుళ్లు, పైపులు దూరిన కన్నాల వల్ల గంటకు ఒకటిన్నర సార్లు మొత్తం గాలి మారిపోతోందనుకుందాం. బయటికీ లోపలికీ 15 డిగ్రీల తేడా ఉంటే ఈ ఒక్క దారిలోనే 1,485 వాట్లు పోతాయి. గాలి మార్పును గంటకు ఒకటిన్నర సార్ల నుంచి అరసారికి తగ్గిస్తే 495. సీలెంటు, రబ్బరు పట్టీలతో అయ్యే పని, ఖర్చుతో పోలిస్తే ఫలితం ఎక్కువ.

సందులు ఎక్కడున్నాయో కంటికి తెలియదు. తలుపుకు పెద్ద ఫ్యాను బిగించి లోపలికీ బయటికీ 50 పాస్కల్స్ పీడన తేడా తెచ్చి చూసే పరీక్ష ఒకటి ఉంది. గాలి ఎక్కడినుంచి కొడుతుందో అప్పుడు చేతికే తెలుస్తుంది. థర్మల్ కెమెరా తోడైతే ఇంకా స్పష్టం.

ఏసీ, హీటరు వాడని, కిటికీలు తెరిచి బతికే ఇంటికి ఈ లెక్క వర్తించదు. అక్కడ గాలి ఆడటమే చల్లదనం, సందులు మూసి సాధించేదేమీ లేదు. ఫ్యాను గాలి తగిలితే ఒంటికి రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టు అనిపిస్తుంది కాబట్టి పాత ఫ్యానులు మార్చడమే అక్కడ మొదటి లాభం. పాతవి 75 వాట్ల దాకా తాగుతాయి, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. నాలుగు ఫ్యానులు రోజుకు పది గంటలు తిరిగితే రోజుకు 1.8 యూనిట్లు మిగులుతాయి.

చెమ్మ: అన్ని లెక్కలనూ తారుమారు చేసేది

నలుగురున్న ఇంట్లో ఊపిరి, వంట, స్నానం, ఆరేసిన బట్టలు కలిపి రోజుకు దాదాపు పది లీటర్ల నీటిని ఆవిరిగా గాలిలోకి వదులుతాయి. పాత ఇంట్లో అదంతా సందుల్లోంచి బయటికి పోయేది. ఆ సందులు మూసేశాక అది ఎటు పోవాలి? పాత ఇళ్ల మరమ్మతుల్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే ప్రశ్న ఇదే. అమ్మేవాళ్ల కాగితాల్లో అరుదుగా కనిపించేదీ ఇదే.

గాలిని చల్లబరుస్తూ పోతే ఒక ఉష్ణోగ్రత దగ్గర అందులోని ఆవిరి నీటిచుక్కలుగా మారుతుంది. దాన్ని డ్యూ పాయింట్ అంటారు. 20 డిగ్రీల గదిలో తేమ 60 శాతం ఉంటే డ్యూ పాయింట్ 12 డిగ్రీలు. ఆ గదిలో 12 కంటే చల్లగా ఉన్న ఏ ఉపరితలమైనా చెమరుస్తుంది.

చలి ప్రాంతంలో తొమ్మిదంగుళాల ఇటుక గోడ చూద్దాం. బయట సున్నా, లోపల 20. ఇన్సులేషన్ లేనప్పుడు గోడ లోపలి ముఖం 14, 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. 12 కంటే పైనే, కాబట్టి పొడిగా ఉంటుంది. ఇప్పుడు లోపలి వైపు 50 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ వేశాం. గది వెచ్చగా ఉంది, బిల్లు తగ్గింది. కానీ గది వేడి ఇక ఇటుకకు అందదు. ఇన్సులేషన్ వెనక ఇటుక ముఖం 4 డిగ్రీలకు పడిపోతుంది. గదిలోని ఆవిరి ఏ సందులోంచో అక్కడిదాకా చేరితే ఎవరికీ కనిపించని చోట నీరవుతుంది. కొన్ని నెలల తర్వాత బూజు, ఆ గోడలో దూలాల కొనలు ఉంటే కొన్నేళ్లకు కుళ్లు.

అందుకే చలి దేశాల్లో ఆవిరిని ఆపే పొరను వెచ్చటి వైపు, అంటే గది వైపు వేస్తారు. ఇదే సలహాను వేడి, ఉక్క ఉన్న ప్రాంతంలో ఏసీ గదికి తెచ్చి పెడితే తలకిందులవుతుంది. బయట 30 డిగ్రీలు, తేమ 70 శాతం అయితే డ్యూ పాయింట్ 24. గదిని 22 దగ్గర ఉంచారు. ఆవిరి ఇప్పుడు బయటి నుంచి లోపలికి వస్తుంది. గది వైపున్న ప్లాస్టిక్ పొరో, వినైల్ వాల్‌పేపరో దాన్ని అడ్డుకుంటుంది, దాని వెనక నీరు చేరుతుంది. వాల్‌పేపర్ ఊడదీసినప్పుడు కింద నల్లగా బూజు కనిపించేది ఇలాగే. అక్కడ ఆవిరిని ఆపే పొర బయటి వైపు ఉండాలి.

పాత గోడలకు మరో స్వభావం ఉంది. సున్నపు గారతో కట్టి, సున్నమే పూసిన గోడ తేమను పీల్చుకుంటుంది, ఎండినప్పుడు వదిలేస్తుంది. నేల నుంచి కాస్త ఊట ఎక్కినా బయటి ముఖంలోంచి ఆరిపోతుంది. దాని మీద గట్టి సిమెంటు ప్లాస్టరింగ్ చేసి ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఆరే దారి మూసుకుపోతుంది. తేమ ఇంకా పైకి ఎక్కుతుంది, ఉప్పు తేలుతుంది, పెచ్చులూడుతుంది. తడిసిన గోడ పొడిగోడకంటే వేడిని ఎక్కువ పోనిస్తుంది కాబట్టి బిల్లు కూడా పెరుగుతుంది. కారే పైపు, పగిలిన కప్పు, గోడ మొదట్లో నిలిచే వాననీరు సరిచేయడం బయటికి ఇంధన పొదుపులా కనిపించదు గానీ, పాత ఇంట్లో పొదుపు మొదలయ్యేది అక్కడే.

సందులు మూసిన ఇంటికి గాలి కోసం వేరే ఏర్పాటు కావాలి. వంటగదిలో, స్నానాలగదిలో బయటికి లాగే ఫ్యానుతో చాలావరకు పని జరుగుతుంది. బాగా బిగించిన ఇళ్లలో పోయే గాలి వేడిని వచ్చే గాలికి అందించే యంత్రాలు పెడతారు.

గోడల వెనక దాగిన ప్రమాదాలు

2009 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇళ్ల అటకలకు ఇన్సులేషన్ వేయించే పెద్ద పథకం ప్రకటించింది. పని తొందరగా పెరిగింది, శిక్షణ లేనివాళ్లు అందులోకి దిగారు. నలుగురు కుర్రాళ్లు చనిపోయారు. ముగ్గురు కరెంటు షాక్‌తో, ఒకరు అటకలోని వేడికి తాళలేక. లోహపు రేకు ఇన్సులేషన్‌ను పిన్నులతో బిగిస్తున్నప్పుడు పిన్ను కరెంటు తీగలోకి దిగడం ఆ మరణాల వెనకున్న కారణాల్లో ఒకటి. ఇళ్లలో అగ్నిప్రమాదాలూ జరిగాయి. ఏడాదికే పథకం ఆపేశారు. దీని మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, 2014లో నివేదిక ఇచ్చింది. ఇన్సులేషన్ అనే సరుకులో దోషం లేదు. పాత ఇంట్లో ఏ తీగ ఎటు పోతోందో చూడకుండా పనిలోకి దిగడంలో ఉంది.

కరెంటు తీగ తనలో పుట్టే వేడిని చుట్టూ ఉన్న గాలికి వదులుతుంది. దాన్ని ఇన్సులేషన్‌లో కప్పేస్తే ఆ వేడి పోయే దారి లేక తీగ మోయగలిగిన కరెంటు తగ్గిపోతుంది. ఏళ్ల క్రితం వేసిన పాత వైరింగుకు ఇది మరీ ప్రమాదం. పాత కప్పుల్లో, పైపుల చుట్టూ ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. కదిలించనంత వరకు పర్వాలేదు, కోసినా, రంధ్రం వేసినా కంటికి కనిపించని పోగులు ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. క్యాన్సర్‌కు అది రుజువైన కారణం. గ్యాసు గీజరు, కట్టెల పొయ్యి లాంటివి లోపల ఉన్న ఇంటిని గాలి చొరకుండా బిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ నిలిచిపోతుంది. దానికి వాసన ఉండదు.

ముందు గోడలా, ముందు యంత్రమా?

నిపుణుల్లో ఇది గట్టిగా నడుస్తున్న వాదన. ఒక వర్గం ముందు ఇంటి ఒంటిని బాగుచేయాలంటుంది. లోపలికి వచ్చే వేడి తగ్గితే చిన్న ఏసీ, చిన్న హీటరు చాలు. కరెంటు పోయినా ఇల్లు గంటల తరబడి నిలకడగా ఉంటుంది. ఇన్సులేషన్ దశాబ్దాలు పనిచేస్తుంది. ముందే పెద్ద ఏసీ కొని తర్వాత కప్పు బాగుచేస్తే ఆ ఏసీ ఇంటికి ఎక్కువైపోతుంది. గదిని త్వరగా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ లాగడానికి దానికి సమయం చాలదు. గది చల్లగా, చిత్తడిగా ఉంటుంది. ఇన్వర్టర్ యంత్రాల్లో ఈ బాధ తక్కువే గానీ పూర్తిగా పోదు.

రెండో వర్గం మాటలోనూ బలముంది. గోడలన్నిటికీ ఇన్సులేషన్ అంటే ఇల్లు ఖాళీ చేయాల్సినంత పని, అంత డబ్బు అందరి దగ్గరా ఉండదు. హీట్ పంపు అంటే తిరగేసిన ఏసీ లాంటిది, బయటి గాలిలోని వేడిని లాగి లోపలికి అందిస్తుంది. అది ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. వంద లీటర్ల నీటిని 25 డిగ్రీలు వేడి చేయడానికి మామూలు గీజరుకు 2.9 యూనిట్లు కావాలి, హీట్ పంపుకు ఒక యూనిట్ చాలు. ఒక్కరోజులో బిగించే పని. యంత్రాలు ఎలాగూ పదిహేనేళ్లకోసారి మారుతాయి, మారేటప్పుడు మంచిది పెట్టుకుంటే సరిపోతుందని వీళ్ల వాదన.

ఆచరణలో చాలామంది మధ్యలో నిలబడతారు. కప్పు, సందులు, నీడ లాంటి తేలికైన పనులు ముందు, యంత్రం పాడైనప్పుడు తగ్గిన అవసరానికి తగ్గ కొత్త యంత్రం, గోడలు ఎప్పుడైనా మరమ్మతుకు వస్తే అప్పుడు ఇన్సులేషన్. ఎండ ప్రాంతంలో ఈ క్రమం నాకు సబబుగా కనిపిస్తుంది. కిటికీలు బిగించి నెలల తరబడి హీటరు నడిపే చోట గోడలను అంత వెనక్కి నెట్టలేం.

సోలార్ పలకలది వేరే లెక్క. అవి కరెంటు ఎక్కడినుంచి వస్తుందో మారుస్తాయి, ఇంటికి ఎంత కావాలో మార్చవు. అయితే కప్పు మీద నీడ వేస్తాయి, ఎండలో అది అదనపు లాభం. పాత కప్పు వాటి బరువు, గాలి తాకిడి ఓర్చుకుంటుందా అన్నది ముందే తేల్చుకోవాలి.

కాగితం మీద ఆదా, మీటరులో ఆదా

2012లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు జర్మనీలోని 3,400 ఇళ్ల వివరాలు పరిశీలించారు. ఇళ్ల లక్షణాలను బట్టి లెక్క కట్టిన వాడకం కంటే అక్కడి మనుషులు నిజంగా వాడినది సగటున 30 శాతం తక్కువ. పాత, వేడి నిలవని ఇళ్లలో ఉండేవాళ్లు ఖర్చుకు భయపడి ఒక గదినే వెచ్చగా ఉంచుకుంటారు, చలిని ఓర్చుకుంటారు. ఇప్పటికే వాడని ఇంధనాన్ని ఏ ఇన్సులేషనూ ఆదా చేయలేదు. అందుకే లెక్కల్లో చూపిన ఆదా చాలా పాత ఇళ్లలో రాదు. అమెరికాలోని మిషిగన్‌లో ప్రభుత్వ సాయంతో బాగుచేసిన పేదల ఇళ్ల మీద 2018లో వచ్చిన అధ్యయనం, ముందు అంచనా వేసిన ఆదా నిజమైన ఆదాకు మూడు రెట్లకు పైగా ఉందని చూపింది.

మరమ్మతు తర్వాత జరిగేది ఇంకొకటి. ఖర్చు తగ్గింది కదా అని ఏసీ రెండు గంటలు ఎక్కువ వేస్తాం. సామర్థ్యం పెరిగితే వాడకం పెరగొచ్చని బ్రిటిష్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవాన్స్ బొగ్గు గురించి 1865లోనే చెప్పాడు. దీన్ని కొందరు పథకాల వైఫల్యంగా చూస్తారు. నేను అలా చూడలేను. న్యూజిలాండ్‌లో 1,350 పేద కుటుంబాల ఇళ్లకు ఇన్సులేషన్ వేసి చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. ఇళ్లు వెచ్చగా, పొడిగా మారాయి, పిల్లలు బడి మానడం, పెద్దలు పని మానడం తగ్గాయి. చలికి వణుకుతూ బతికిన కుటుంబం గదిని రెండు డిగ్రీలు వెచ్చగా ఉంచుకోవడం వృథా ఎలా అవుతుంది? ఆదా యూనిట్లలో రాకపోయినా ఆరోగ్యంలో వచ్చింది.

మన ఇంటి మరమ్మతు ఫలించిందో లేదో తెలుసుకోవడానికి రెండేళ్ల బిల్లులు పక్కపక్కన పెడితే చాలదు, రెండు ఎండాకాలాలు ఒకేలా ఉండవు. దీనికి డిగ్రీ-డే అనే లెక్క వాడతారు. రోజు సగటు ఉష్ణోగ్రత ఒక హద్దు కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువుందో ప్రతిరోజూ రాసి, వేసవి అంతటికీ కూడతారు. పోయిన వేసవిలో ఆ మొత్తం 900, ఏసీకి వాడింది 1,800 యూనిట్లు అనుకుందాం. డిగ్రీ-డేకి 2 యూనిట్లు. కప్పు బాగుచేశాక వచ్చిన వేసవి ఇంకా మండింది, మొత్తం 1,100, వాడింది 1,760 యూనిట్లు. బిల్లులో తగ్గింది 40 యూనిట్లే, చూసినవాళ్లకు డబ్బు దండగ అనిపిస్తుంది. డిగ్రీ-డేకి మాత్రం 1.6కి దిగింది. కప్పు పాతదే అయివుంటే ఈ వేసవిలో 2,200 యూనిట్లు ఖర్చయ్యేవి. మిగిలింది 440.